పొటాష్ ఏది కొనాలి? జతగా వచ్చే రెండో ఉప్పును చూసి తేల్చుకోండి

మా మావయ్య పొగాకు రైతు. జంగారెడ్డిగూడెం వైపు ఎర్ర ఇసుక నేలల్లో వర్జీనియా వేస్తాడు. కొన్నేళ్ళ క్రితం ఎవరో చెప్పారట, "పొగాకుకి ఎర్ర పొటాష్ పనికిరాదు, తెల్లది వెయ్యి" అని. టౌనుకెళ్ళి ఒక ఎరువుల కొట్టులో తెల్ల పొటాష్ అడిగాడు, ఇచ్చారు. అందరూ భయపెట్టినంత ఖరీదు కూడా లేదని మురిసిపోతూ ఇంటికొచ్చాడు.

ఆ ఏడు ఆకు మందంగా, పెళుసుగా వచ్చింది. అంచులు పైకి ముడుచుకున్నాయి. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లోంచి నిమ్మపండు రంగులో దిగాల్సిన ఆకు బురద రంగులో దిగింది. గుట్టగా పేర్చిన రెండ్రోజులకే చెమ్మ పట్టి చేతికి అంటుకునేది. వేలంలో గ్రేడు పడిపోయింది. విత్తనం మీద, నీళ్ళ మీద, పక్క చేనువాడి దిష్టి మీద అనుమానాలన్నీ అయ్యాక, పశువుల పాకలో చూరు కారకుండా కప్పిన ఖాళీ కట్ట నా కంట పడింది. దాని మీద ఇంత లావు అక్షరాలతో ఉంది: 0-0-60. ఎరువు కట్ట మీది ఈ మూడు అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు.

అది పొగాకుకి కావాల్సిన ఎస్‌ఓపీ (పొటాషియం సల్ఫేట్) కాదు. తెల్లగా ఉన్న ఎంఓపీ (పొటాషియం క్లోరైడ్), అంటే ఎర్ర పొటాష్ జాతిదే.

ఇలాంటి పొరపాటు చదువుకున్న రైతులు కూడా చేస్తున్నారు. ఎందుకంటే మనం "పొటాష్" అని ఒక్క పేరుతో పిలుస్తున్నవి నిజానికి నాలుగు వేరువేరు ఉప్పులు. రసాయన శాస్త్రంలో ఉప్పు అంటే కూరలో వేసేది ఒక్కటే కాదు. ఆమ్లం, క్షారం కలిసినప్పుడు నీటితో పాటు మిగిలే పదార్థం ఏదైనా ఉప్పే. ప్రతి ఉప్పులోనూ ఇద్దరు ఉంటారు, క్షారం వైపు నుంచి వచ్చినది ఒకటి, ఆమ్లం వైపు నుంచి వచ్చినది ఒకటి. మన నాలుగు పొటాష్‌లలోనూ మొదటిది పొటాషియమే. రెండోది మాత్రం ఒక్కోదానిలో ఒక్కోటి: క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్, ఫాస్ఫేట్. వేరు తీసుకునే పొటాషియం ఏ కట్టలోంచి వచ్చినా ఒకటే, అందులో మంచిదీ చెడ్డదీ లేదు. డబ్బు పెట్టేది, పంట బాగుపడేది, పాడయ్యేది అంతా ఆ రెండోదాని వల్లే. కాబట్టి కొట్టుకు వెళ్ళేముందు "పొటాష్ వెయ్యాలా" అన్న ప్రశ్నతో పాటు "నా పంటకి ఆ రెండోది పడుతుందా" అన్నది కూడా అడగాలి.

ఎంఓపీ: చవక, బలం, కానీ అందరికీ కాదు

మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, అంటే పొటాషియం క్లోరైడ్. కట్ట మీద 0-0-60. మన దేశంలో దీన్ని తవ్వి తీసే గనులు లేవు, వచ్చేదంతా దిగుమతే. కెనడాలోని సస్కాచెవాన్‌లో దాదాపు కిలోమీటరు లోతున దీని పొరలు ఉన్నాయి. సుమారు 38 కోట్ల ఏళ్ళ క్రితం అక్కడ ఉన్న సముద్రం ఎండిపోతే మిగిలిన ఉప్పు అది. అందులో మామూలు ఉప్పు, పొటాషియం క్లోరైడ్ రెండూ కలగలిసి ఉంటాయి. రాయిని తవ్వి, పొడి చేసి, ఉప్పునీటిలో కలిపి, పొటాషియం గింజలకు మాత్రమే అంటుకునే ఒక జిడ్డు పదార్థం వేసి కింది నుంచి గాలి కొడతారు. పొటాషియం గింజలు బుడగలకు అంటుకుని నురగతో పాటు పైకి తేలతాయి, మామూలు ఉప్పు అడుగున ఉండిపోతుంది. ఆ నురగను తీసి ఆరబెడితే ఎర్ర పొటాష్.

ఎరుపు ఎక్కడిది? రాయిలో ఉన్న కాస్త ఇనుప తుప్పు. అంతే. అదే సరుకును వేడినీళ్ళలో కరిగించి చల్లార్చితే తుప్పు పోయి తెల్లటి స్ఫటికాలు వస్తాయి. ఇక్కడ ఒక చక్కటి కిటుకు ఉంది. మామూలు ఉప్పు చన్నీళ్ళలో ఎంత కరుగుతుందో మరిగే నీళ్ళలోనూ దాదాపు అంతే కరుగుతుంది. పొటాషియం క్లోరైడ్ అలా కాదు, 100 గ్రాముల నీటిలో 20 డిగ్రీల దగ్గర 34 గ్రాములు కరిగితే, 100 డిగ్రీల దగ్గర 56 గ్రాములు కరుగుతుంది. వేడి ద్రావణం చల్లారేటప్పుడు విడిపోయేది పొటాషియం క్లోరైడే. మృత సముద్రం ఒడ్డున ఇజ్రాయెల్, జోర్డాన్‌లు మడుల్లో నీళ్ళు ఎండబెట్టి తీసే పొటాష్ కూడా తెల్లగానే ఉంటుంది. అదీ క్లోరైడే. మా మావయ్యకు దొరికింది ఈ జాతి సరుకు. రంగు చూసి పొటాష్ కొనకండి, కట్ట మీద అంకె చూసి కొనండి.

ఒక 50 కిలోల ఎంఓపీ కట్టలో దాదాపు 23 కిలోలు క్లోరైడే. పొగాకుకి విషమైన ఈ క్లోరైడే పక్క చేలో ఆయిల్ పామ్‌కి విందు భోజనం. ఆయిల్ పామ్, కొబ్బరి రెండింటికీ క్లోరిన్ నిజంగా కావాల్సిన పోషకం, ఆకు రంధ్రాలు తెరుచుకుని మూసుకోవడంలో దానికి పాత్ర ఉంది. కోనసీమలో పాతకాలం రైతులు కొబ్బరి మొదట్లో కల్లుప్పు వేసేవారంటే అది మూఢనమ్మకం కాదు. అందుకే ఈ రెండు తోటలకూ ఎస్‌ఓపీ కొనేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. రెండు రకాలుగా నష్టం: ఎక్కువ డబ్బు, తక్కువ ఫలితం.

లెక్క కూడా చూద్దాం. కాపుకొచ్చిన ఆయిల్ పామ్ చెట్టుకు ఏడాదికి 1200 గ్రాముల పొటాష్ అందించాలనుకుంటే ఎంఓపీ 2 కిలోలు. ఎకరానికి 57 చెట్లు, అంటే 114 కిలోలు, రెండు కట్టల పైచిలుకు. దాన్ని ఒకేసారి గుమ్మరించకుండా మూడు నాలుగు దఫాలుగా వేయాలి. పొటాష్ పెంచినకొద్దీ చెట్టుకు మెగ్నీషియం అందడం తగ్గుతుంది, ముదురు ఆకులు నారింజ రంగుకు తిరుగుతాయి. కాబట్టి చెట్టుకు అరకిలో దాకా మెగ్నీషియం సల్ఫేట్ తోడు వేయడం మానకండి. డ్రిప్ ఉంటే తెల్ల ఎంఓపీ కొనండి, ఎర్రదానిలోని తుప్పు ఫిల్టర్లలో పేరుకుంటుంది. తెలుపుకి ఎరుపుకి తేడా పట్టించుకోవాల్సిన చోటు ఇదొక్కటే.

వరికి ఎంఓపీయే. మాగాణిలో క్లోరైడ్ నీటితో కిందికి దిగిపోతుంది, వరికి అదేమీ అడ్డు కాదు. తేలిక నేలల్లో మాత్రం దుక్కిలో సగం, అంకురం తొడిగే దశలో సగం వేయండి.

ఎంఓపీతో ఇంకో ఇబ్బంది, వేరు మీద ఉప్పు భారం. సోడియం నైట్రేట్ భారాన్ని 100 అనుకుంటే ఎంఓపీది 116, ఎస్‌ఓపీది 46. విత్తనం పక్కనే, నాటిన మొక్క మొదట్లోనే ఎంఓపీ పడితే లేత వేరు మాడుతుంది. అందుకే విత్తే వరసకు జానెడు దూరంగా వేయాలి. చౌడు నేలలు, ఉప్పు బోర్లు ఉన్న తీరప్రాంతాల్లో దీన్ని ఇంకా తగ్గించాలి, అక్కడ నేలలో క్లోరైడ్ ముందే కావలసినంత ఉంది.

ఎస్‌ఓపీ: పొగాకు రైతు తప్పించుకోలేని ఖర్చు

పొటాషియం సల్ఫేట్, 0-0-50. ప్రపంచంలో ఎక్కువ భాగం ఎంఓపీ నుంచే తయారవుతుంది. ఎంఓపీని గంధకామ్లంతో కలిపి కొలిమిలో కాలుస్తారు, దీన్ని మాన్‌హైమ్ పద్ధతి అంటారు. మొదటి సగం తేలిగ్గా జరిగిపోతుంది. మిగతా క్లోరైడ్ వదలడానికే 500 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. క్లోరైడ్ అంతా హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా పైకి లేస్తుంది. ఒక టన్ను ఎస్‌ఓపీ చేస్తే టన్నుకు పైగా ఘాటైన ఆమ్లం చేతికొస్తుంది, దాన్ని కొనేవాడు దొరక్కపోతే ఫ్యాక్టరీ నడవదు. ఎస్‌ఓపీ ఎందుకింత ఖరీదని అడిగేవారికి సమాధానం ఇదే: మీరు కట్టే అదనపు డబ్బు పొటాషియం కోసం కాదు, క్లోరైడ్‌ని తరిమేసినందుకు.

ఆ తరిమేయడం మీ పంటకు అవసరమా కాదా అన్నదే నిర్ణయం. పొగాకుకి అవసరం. ఆకులో క్లోరైడ్ 1.5 శాతం దాటకూడదంటారు. దాటితే ఆకు సరిగా మండదు, గాలిలో తేమ లాక్కుంటుంది. పైగా మన తేలిక నేలల్లో పొగాకు నాటేది అక్టోబరు, నవంబరుల్లో, వర్షాలు తగ్గిపోయాక. వేసిన క్లోరైడ్‌ని కడిగేసే వాన ఉండదు, అంతా ఆకులోకే ఎక్కుతుంది. ఎంఓపీ కొంచెం కలిపితే ఏమవుతుందిలే అనే మాట వినకండి. ద్రాక్ష, నిమ్మ, బత్తాయి లాంటివి కూడా క్లోరైడ్‌ని అంతగా తట్టుకోవు.

ఎస్‌ఓపీలో 17.5 శాతం గంధకం కూడా ఉంది. ఉల్లి, వెల్లుల్లి, నూనెగింజలకు అది లాభమే. కానీ గంధకం ఒక్కటే కావాలంటే జిప్సం చాలా చవక, దాని కోసం ఎస్‌ఓపీ కొనక్కర్లేదు.

దీని బలహీనత కరగడంలో ఉంది. 100 గ్రాముల నీటిలో 11 గ్రాములకు మించి కరగదు. 50 లీటర్ల డ్రమ్ములో ఐదున్నర కిలోలే హద్దు. చాలామంది పది కిలోలు పోసి కర్రతో తిప్పి తిప్పి, "కల్తీ సరుకు, కరగట్లేదు" అని కొట్టువాడి మీదకు వెళ్తారు. సరుకు మంచిదే, నీళ్ళు చాలలేదు.

13-0-45: మన పాత పెట్లుప్పే

పొటాషియం నైట్రేట్. దీన్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఇజ్రాయెల్ నుంచో చిలీ నుంచో మెరిసే సంచుల్లో వస్తుందని కొత్త మందు అనుకుంటాం గానీ, ఒకప్పుడు ప్రపంచానికి దీన్ని ఎగుమతి చేసింది మనమే. బిహార్‌లో నూనియా కులస్తులు పశువుల కొట్టాల దగ్గర మట్టిని పోగుచేసి, నీళ్ళతో వడగట్టి, కాచి ఈ ఉప్పును తీసేవారు. ఐరోపా యుద్ధాలకు తుపాకి మందు కావాలి, అందులో ముప్పావు వంతు ఇదే. ఈస్ట్ ఇండియా కంపెనీ పాట్నా నుంచి ఓడలకు ఓడలు తరలించింది. మన చేలో డ్రిప్ పైపుల్లో పారేది అదే ఉప్పు.

ఇప్పుడు రెండు దారుల్లో చేస్తున్నారు. ఇజ్రాయెల్ పద్ధతిలో ఎంఓపీని నత్రికామ్లంతో కలుపుతారు. చిలీలో అటకామా ఎడారి మట్టిలో దొరికే సోడియం నైట్రేట్‌ని ఎంఓపీతో వేడినీళ్ళలో కలుపుతారు. వేడిగా ఉన్నప్పుడు మామూలు ఉప్పు అడుగుకు దిగిపోతుంది, దాన్ని తీసేసి చల్లార్చితే పొటాషియం నైట్రేట్ సూదుల్లా గడ్డకడుతుంది. 20 డిగ్రీల దగ్గర 32 గ్రాములే కరిగే ఈ ఉప్పు మరిగే నీళ్ళలో 240 గ్రాములు దాటి కరుగుతుంది. అంత తేడా ఉంది కాబట్టే అంత శుభ్రంగా విడిపోతుంది.

ఎప్పుడైనా దీన్ని డ్రమ్ములో కలుపుతూ చెయ్యి పెట్టి చూశారా? చల్లగా ఐపోతుంది. కరగడానికి నీటిలోని వేడినే లాక్కుంటుంది. 50 లీటర్లలో పది కిలోలు ఒక్కసారి పోస్తే నీరు దాదాపు 15 డిగ్రీలు చల్లబడుతుంది. మే నెలలో డ్రమ్ము బయట చెమట్లు పట్టడం నేను చూశాను. చల్లబడ్డ నీటిలో కరిగే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి విడతలుగా పోసి పావుగంట ఆగండి.

ఎక్కడ వాడాలి? మిరప, టమాటా, కూరగాయలకు డ్రిప్‌లో, కాయ ఊరే దశలో. పత్తి ఆకు ఎర్రబారుతుంటే లీటరు నీటికి 10 గ్రాములు కలిపి పిచికారీ చేయడానికి. ఆకు మీద కొట్టాలంటే ఎంఓపీ జోలికి పోవద్దు, ఆకు మాడుతుంది. ఎక్కడ వద్దు? మాగాణి వరి మడిలో నేలకు వేయొద్దు, నిలవనీటిలో నైట్రేట్ గాలిలో కలిసిపోతుంది. పంట చివరి దశలో కూడా వద్దు. కాయకు రంగు, తీపి రావాల్సిన టైమ్‌లో నత్రజని ఇస్తే చెట్టు మళ్ళీ చిగురు మీద పడుతుంది. అప్పుడు 0-0-50కి మారాలి. పొగాకు కూడా ఇంతే, మొదట్లో నైట్రేట్ పరవాలేదు, ఆకు పండే వేళకు నత్రజని ఐపోవాలి.

0-52-34 గురించి రెండు ముక్కలు

మోనో పొటాషియం ఫాస్ఫేట్. ఆమ్లం, క్షారం కలిస్తే ఉప్పు అన్న బడి పాఠానికి అచ్చమైన ఉదాహరణ ఇదే: ఫాస్ఫారిక్ ఆమ్లంలో పొటాష్ క్షారం పోసి చేస్తారు. ఆ క్షారాన్ని చేయడానికి ముందు ఎంఓపీ ద్రావణంలో కరెంటు పంపాలి, అందుకే నాలుగింటిలో ఖరీదైన ఉప్పు ఇది. పూతకు ముందు పిచికారీకి బాగుంటుంది. నేలకు చల్లడం మాత్రం నెయ్యి పోసి బండి చక్రాలకు కందెన పెట్టినట్టు.

ధర పోల్చే లెక్క

కట్ట ధర చూసి పోల్చొద్దు, పొటాష్ కిలో ఎంత పడుతుందో చూడండి. 50 కిలోల ఎంఓపీ కట్టలో 30 కిలోలు, కాబట్టి ధరను 30తో భాగించండి. 25 కిలోల ఎస్‌ఓపీ సంచి ధరను పన్నెండున్నరతో. 25 కిలోల 13-0-45 సంచిలో పొటాష్ 11.25 కిలోలు, నత్రజని 3.25 కిలోలు. ముందు ఆ నత్రజని విలువను యూరియా ధరలో లెక్కేసి తీసేసి, మిగిలినదాన్ని 11.25తో భాగించండి. ఎంఓపీకి 2010 నుంచి పోషకాల లెక్కన కేంద్రం సబ్సిడీ ఇస్తోంది, అందుకే ఈ తేడా మీరు అనుకున్నదానికంటే పెద్దదిగా తేలుతుంది. క్లోరైడ్‌తో ఇబ్బంది లేని పంటకు ఆ తేడా కట్టడం వృథా.

మరో చిన్న సంగతి. కట్ట మీది 60, 50, 45 అంకెలు నిజమైన పొటాషియం కాదు. బూడిద కాల్చి కొలిచే కాలం నుంచి వచ్చిన ఆక్సైడ్ లెక్క అది. ఎంఓపీలో అసలు పొటాషియం 50 శాతమే. అన్ని కట్టలకూ ఒకే లెక్క వాడతారు కాబట్టి పోలికకు ఇబ్బంది లేదు. ఎవరైనా కొత్త బ్రాండు సీసాలో "కె" శాతం అని రాసి అమ్మితే మాత్రం ఏ లెక్కో అడగండి.

కలపడంలో జరిగే ప్రమాదం

మా బావ మిరప తోటలో టైమ్ కలిసొస్తుందని ఒకే డ్రమ్ములో కాల్షియం నైట్రేట్, ఎస్‌ఓపీ కలిపి డ్రిప్‌కి వదిలాడు. నీళ్ళు మజ్జిగలా అయ్యాయి. కాల్షియం వెళ్ళి సల్ఫేట్‌ని పట్టుకుంది, తయారైంది జిప్సం. అదీ ఒక ఉప్పే, కాకపోతే సరిగా కరగని ఉప్పు. మూడు వరసల డ్రిప్పర్లు పిన్నీసుతో పొడిచినా తెరుచుకోలేదు, లేటరల్స్ (డ్రిప్పర్లు ఉండే సన్న పైపులు) మార్చాల్సొచ్చింది. 0-52-34ని కాల్షియంతో కలిపినా ఇదే గతి. 13-0-45 మాత్రం కాల్షియం నైట్రేట్‌తో హాయిగా కలుస్తుంది, ఇద్దరిలోనూ రెండోది నైట్రేటే కదా.

ఇదే గొడవను మనకు పనికొచ్చేలా వాడుకోవచ్చు. తెల్లపొడి ఎస్‌ఓపీనా, తెల్ల ఎంఓపీనా అని అనుమానం వస్తే ఇంట్లోనే తేల్చుకోండి. రెండు గాజు గ్లాసుల్లో సగం దాకా ఫిల్టర్ నీళ్ళు పోయండి. ఒకదానిలో రెండు చెంచాల కాల్షియం నైట్రేట్, రెండోదానిలో రెండు చెంచాల ఆ పొడి కలిపి తేటపడనివ్వండి. పైనున్న తేట నీళ్ళను ఒకదానిలోకి ఒకటి వంపండి. తెల్లగా విరిగితే సల్ఫేట్, తేటగానే ఉంటే క్లోరైడ్ అని గట్టిగా అనుమానించాలి. ఫాస్ఫేట్ ఉన్నా విరుగుతుంది కాబట్టి ఇది ఈ రెండింటి మధ్య తేల్చడానికే. వాడిన గ్లాసులు వంటింట్లోకి తిరిగి తీసుకెళ్ళొద్దు. మావయ్య ఇప్పుడు ప్రతి ఏడూ కట్ట విప్పగానే ఈ పని చేస్తాడు, అంకె చూసుకున్నాక కూడా.

కొన్నాక ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. ఎంఓపీ, ఎస్‌ఓపీ ఎక్కడ పెట్టినా పెద్ద టెన్షన్ లేదు, చెమ్మ తగలకుండా చెక్క మీద పేరిస్తే చాలు. 13-0-45 సంచిని మాత్రం గంధకం పొడి, డీజిల్ డబ్బా, ఎండుగడ్డి ఉన్న గదిలో పెట్టకండి. అది తనంతట తాను మండదు, పక్కన మండేదానికి మంట అందిస్తుంది. గంధకం, బొగ్గు, ఈ ఉప్పు కలిస్తే తుపాకి మందు. మన పెద్దవాళ్ళు దీన్ని ఊరికే పెట్లుప్పు అనలేదు.